ఎడారిలో గోధుమపంట



సౌదీ అరేబియాలో ఏడాది పొడవున పాఱు నది యొక్కటియు లేదు. నేలక్రింద చమురు మాత్రము అపారము. ఆ ధనబలముతో 1980 ప్రాంతమున నచటి ప్రభుత్వము గోధుమ పండింప సంకల్పించి, లోకపు వెలకు పలురెట్లిచ్చి పంటను తానే కొనెను. రైతులు లోతైన బోరుబావులు త్రవ్వి, ఇరుసుచుట్టు తిరుగు గొట్టములతో గుండ్రని చేలను తడిపిరి. 1992 నాటికి దిగుబడి సుమారు 40 లక్షల టన్నులు! ఎగుమతియు జరిగెను.

ఆ నీ రెక్కడిది? వేలయేండ్లక్రిందట, అచట వానలు మెండుగా కురిసిన కాలమున, ఱాతిపొరలలో నిలిచినది. మన చెఱువు ఎండినను మంచివానకు నిండును. అది తోడినకొలది తరుగుటయే. కిలో గోధుమకు వేయి లీటర్లకు తక్కువ చాలదు. పైగా తోడుటకు చమురు కాల్చవలెను. ఈ లెక్క నావంటి బడిపంతులకును మ్రింగుడుపడదు.

2008లో ప్రభుత్వము కొనుగోలును తగ్గింప నారంభించి 2016లో నిలిపెను. (2018 తరువాత మితముగా మరల ననుమతించినది.) కాని గోధుమ మానిన వారు పెక్కురు లూసర్ను గడ్డి వేసిరి. ఏడాదెల్ల పచ్చగానుండు నా గడ్డి గోధుమకంటె నెక్కువ నీరు త్రాగును! మూడేండ్లలో దానిని మానవలెనని 2015లో మఱియొక యాజ్ఞ వెలువడెను. పిమ్మట నచటి పెద్ద పాడిశాలల యావులకు గడ్డి ఓడలమీద వచ్చుచున్నది.