పట్టు-విడుపులు

రాజమహేంద్రవరంలో కోటిలింగాల రేవున తెల్లవారుజామున స్నానానికి దిగే స్త్రీలను గమనించినారా? మోకాలి లోతు నీటిలో నిలిచి, మునక వేయబోయే ముందు ఇల్లాలు ఒక్క క్షణం ఆగుతుంది. చేయి మెడ వెనుకకు పోయి గొలుసు కొక్కేన్ని తడుముతుంది. పిమ్మట చెవి దిద్దుల సీలలను తడుముతుంది. ఆ తరువాతనే గోదావరి తల్లికి నమస్కారం. 2003, 2015 పుష్కరాలలో ఎన్ని చేతులు ఈ పని చేసినవో! ఏటిలో జారిన బంగారం తిరిగి దక్కదని ఈ సీమలో పసిబిడ్డకైనా తెలుసును.

నగను చూచేవారు రాళ్ళను చూస్తారు, నగిషీని చూస్తారు. జడ చాటున ఉండే కొక్కేన్ని చూడరు. కాని నగ నిలిచేది దానిమీదనే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుండి గోదావరి నీటితో పండే ఈ సీమలో పంట మిగులు బంగారమై ఇల్లాలి మెడకు చేరడం పరిపాటి. ఆడపిల్ల పెండ్లి, కుమారుని చదువు, ఆపద వేళ తాకట్టు అన్నీ ఆ పిసరంత కొక్కెం మీద వేలాడుతున్నవి.

కొక్కేనికి ఉండవలసిన గుణాలు రెండూ పరస్పర విరుద్ధాలు. తనంత తాను విడిపోరాదు, విప్పదలచినపుడు మొండికెత్తరాదు. మన స్వర్ణకారులు దీనికి చక్కని ఉపాయాలు పన్నినారు. వంకర కొక్కేన్ని హారపు బరువే బిగించి ఉంచుతుంది. ఆ బరువును చేతితో ఎత్తి, కాస్త వంచితేగాని అది ఊడదు. కడియానికి ఒకవైపు బందు, రెండవవైపు మరసీల. సీల చుట్లు తిరిగితేగాని వెలుపలికి రాదు.

ఖరీదైన చేతిగడియారాలు చేసేవారికి ఎదురైన చిక్కు కూడ ఇదియే. తోలుపట్టీ బకులు ఊడినదా, గడియారం నేలపాలే. 1910 ప్రాంతంలో పారిస్ నగరపు కార్టియర్ సంస్థ మడత క్లిప్పును వాడుకలోకి తెచ్చినది. అందులో సన్నని లోహపు రేకులు బందులతో కలిసి, ఒకదానిపై ఒకటి ముడుచుకుంటవి. విప్పినా వలయం తెగదు, చేయి దూరేటంత వెడల్పవుతుంది. పొరపాటున తెరుచుకున్నా గడియారం మణికట్టునే వేలాడుతుంది. విడుపులో కూడ పట్టు ఉన్నదన్నమాట!

రోలెక్స్ సంస్థవారు కొన్ని గొలుసులలో, ఏ పనిముట్టూ లేకుండ సుమారు 5 మిల్లీమీటర్లు పొడిగించుకొనే కడీని అమర్చినారు. మే నెల ఉక్కపోతలో మణికట్టు ఉబ్బి గొలుసు ఒరుసుకున్నవారికి ఆ 5 మిల్లీమీటర్ల విలువ తెలుస్తుంది. మన హారాలకు మెడ వెనుక పట్టుదారం మీద జరిగే పూస చేసే పని కూడ అదే కదా!

అయితే ఒక భేదం ఉన్నది. ఆ గడియారం ధరలో క్లిప్పు పనితనానికి లెక్క ఉన్నది. మనం నగను తూచి కొంటాము. బంగారం ధర వద్ద నోరెత్తము. తరుగు, మజూరీల వద్ద గీచి గీచి బేరమాడుతాము. కొక్కెం తూకానికి పిసరు, ఓర్పుకు కొండ. బేరంలో తెగిన రూపాయి కంటికి కనబడని చోటనే కోత పెట్టవచ్చును: తీగ పలుచబడుతుంది, మరకు ఆకురాయి పూర్తిగా తగలదు. మా మేనత్తగారి హారం రేవులో పోయినది. రాయి కదలలేదు, అతుకు విడలేదు. ఏళ్ళ తరబడి అరిగిన కొక్కెం తెగినది. దానిని మార్పించే కొద్దిపాటి మజూరీకి వెనుకాడినానని ఆమె కడదాక నొచ్చుకున్నది.

కనుక నరసాపురంలోనైనా, రాజమహేంద్రవరంలోనైనా నగ కొనేటపుడు, అద్దంలో చూచుకొనే ముందు దానిని వెనుకకు త్రిప్పి చూడండి. కొక్కేన్ని పదిమార్లు పెట్టి తీయండి. పదవసారి కూడ బిగువు మొదటిసారివలెనే ఉన్నదా? అంచు వేలికి గీసుకొనకుండ ఉన్నదా? పాత నగలను ఏడాదికొకమారు స్వర్ణకారునికి చూపండి. ఆయన అడిగిన మజూరీలో మన నిశ్చింతకు వెల కూడ ఉన్నదని తలచండి.

గోదావరికి మరల 2027లో పుష్కరాలు. అప్పుడూ రేవులో చేయి మెడ వెనుకకు పోతుంది, అలవాటు మానదు. కాని ఆ చేయి భయం లేకుండ ముందుకు వచ్చి దోసిలి పట్టాలి.