కొల్లేటి మీదుగా ఆకాశమార్గం

ఉత్తరాన సైబీరియా, మధ్య ఆసియాల్లో గూళ్లు కట్టుకునే సూదితోక బాతులు చలికాలానికి మన కొల్లేరు సరస్సుకు చేరతాయి. ఆర్కిటిక్ నుంచి హిందూ మహాసముద్రం దాకా సాగే ఈ మధ్య ఆసియా వలస మార్గం కింద 30 దేశాలున్నాయి. ఒక దేశం తన మజిలీని పాడుచేస్తే మిగతావాటి శ్రమకు గండి పడుతుంది. అందుకే 1971లో ఇరాన్‌లోని రామ్‌సార్‌లో చిత్తడినేలల ఒప్పందం కుదిరింది. 2002లో కొల్లేరు ఆ ఒప్పందపు జాబితాకెక్కింది. అయితే సంతకాలు ఎక్కడ జరిగినా, పిట్టకు కావలసింది మోకాలిలోతు నీళ్లు. కొల్లేటిలో తవ్విన లోతైన చేపల చెరువుల్లో, నీళ్లలో నడుస్తూ మేత ఏరుకునే పిట్టకు కాలు మోపే చోటుండదు.

‘మా పొట్టకొట్టి పరదేశపు పిట్టల్ని మేపాలా?’ అని కొల్లేటి లంక గ్రామాలవారు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2006లో ప్రభుత్వం ఆ చేపల చెరువుల గట్లు తెంచినప్పుడు చిన్న రైతులూ కూలీలూ దెబ్బతిన్నారు. వారికి వేరే బతుకుదారి చూపడం ప్రభుత్వ బాధ్యత. కానీ బుడమేరు, తమ్మిలేరు వాగుల వరద వచ్చేది కొల్లేటిలోకే, సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపల గట్లు వేస్తే ఆ నీరు వెనక్కి తన్ని మన పొలాల మీదే పడుతుంది. వానాకాలంలో వరదకు చోటిచ్చే పల్లం, చలికాలంలో పిట్ట దిగే పల్లం ఒకటే.