దారములో దాగిన విద్యుచ్ఛక్తి

పంచాయతీ సభ్యులారా,

మీ వీధులలోని సౌరదీపమును మీరెరుగుదురు. పైనున్న పలక పగటి ఎండను విద్యుచ్ఛక్తిగా మార్చును. పెట్టెలోని బ్యాటరీ దానిని రాత్రికి నిలువచేయును. రెండును బిరుసైనవి, వంచిన పాడగును. వీనినే దారముగా చేసి గుడ్డలో నేయవచ్చునా అను ప్రశ్నకు శాస్త్రజ్ఞులు కనుగొనిన సమాధానమును నేడు మీకు విన్నవింపదలచితిమి.

ప్రతి బ్యాటరీకిని రెండు ధ్రువములుండును. దారపు బ్యాటరీలో సన్నని అల్యూమినియము తీగకు లిథియము కోబాల్టు ఆక్సైడును, రాగితీగకు గ్రాఫైటును పూయుదురు. అవి తాకకుండ నడుమ పలుచని పొర చుట్టి, రెంటిని పురిపెట్టి, గొట్టములోనుంచి, అయానులను మోయు ద్రవము నింపి మూయుదురు. సౌరదారమున నైతే, టైటానియము తీగపై రంగు పట్టించిన పొర వెలుతురును గ్రహించును. దానికి చుట్టిన మరియొక పోగు రెండవ ధ్రువమగును.

తీగ పొడవైన కొలది నిరోధము పెరిగి శక్తి వృథా యగునని పలువురు తలచిరి. చైనాలోని షాంఘై నగరమున ఫుదాన్ విశ్వవిద్యాలయ ఆచార్యులు పెంగ్ హుయిషెంగ్ గారి బృందము 2021లో వేరొక సంగతి వెల్లడించెను: పొడవు పెరిగిన కొలది బ్యాటరీ అంతర్నిరోధము తగ్గి, పిదప నిలుకడగా నుండును. ఏరు పొడవైనచో దాటుటకు రేవులు హెచ్చునట్లు, ధ్రువముల నడుమ అయానులు దాటు తావు హెచ్చును. ఆ దారము కిలోకు 85.69 వాట్-గంటల శక్తిని నిలిపెను. 500 మారులు నింపి వాడిన పిదపను నూటికి 90 పాళ్ల సామర్థ్యము మిగిలెను. యంత్రపు మగ్గముపై దానిని గుడ్డగా నేసిరి.

అయినను 10 వాట్ల దీపము 10 గంటలు వెలుగుటకు 100 వాట్-గంటలు కావలెను. అనగా కిలోకు మించిన దారము. స్తంభమునకు వంగవలసిన పనిలేదు. అచ్చట పెట్టెలోని బ్యాటరీయే తగును. దారమునకు తగిన తావు ఒంటిపై ధరించు వస్త్రము, రోగి నాడిని కనిపెట్టు చిన్న సాధనము. అచ్చటను గొట్టము చిట్లి ద్రవము కారిన ప్రమాదము కలదు గనుక భద్రతయే ముందు.

కావున క్రొత్త వస్తువని ఎవరేది తెచ్చినను, పంచాయతీ నిధి వెచ్చించుటకు ముందు మూడు ప్రశ్నలడుగుడు: ఎన్ని వాట్-గంటలు నిలువయుండును? ఎన్ని మారులు నింపవచ్చును? పాడైన పిదప తిరిగి తీసికొనువారెవరు? మూడవది మరువరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారము పాత బ్యాటరీలను చెత్తతో కలుపరాదు. వేరుగా నుంచి, అనుమతిగల వారికే అప్పగింపవలెను. సీసము నేలలో దిగిన పిల్లలకు హాని. లిథియము బ్యాటరీ నలిగిన అగ్నిప్రమాదము. ఈ మూడింటికి సమాధానములను వ్రాతమూలకముగా పొంది, తీర్మానముల పుస్తకమున చేర్చుడని మేము కోరుచున్నాము.