పిల్లలకు ఒక గంట ఆట



బడిపిల్లలు లావెక్కుతుంటే తిండి తగ్గించమంటాం. వాళ్ల దినచర్య చూడం. దిల్‌సుఖ్‌నగర్‌లో బడి అయ్యాక కోచింగ్, ఆపైన హోంవర్క్. నడుమ ఆకలేస్తే మిర్చిబజ్జీ, నూడుల్స్, కూల్‌డ్రింక్. రాత్రి ఫోను పట్టుకుంటే నిద్రకు కోత.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ గంట వాళ్లకెక్కడిది? ఆడపిల్లలకైతే మరీ కరువు.

ఎల్‌బీనగర్ దారిలో విక్టోరియా మెమోరియల్ మైదానం ఉంది, సరూర్‌నగర్ చెరువు పక్కన పార్కు ఉంది. వెంటబెట్టుకుని వెళ్లండి. సంచిలో ఉడికించిన శనగలు, సీసాలో నీళ్లు పెట్టండి. లావన్న పేరుతో బిడ్డను వెక్కిరించకండి.

ఆటల పీరియడ్‌ను లెక్కలకు వాడుకోకుండా టీచర్లం చూసుకోవాలి. సాయంత్రం ఒక ట్యూషన్ మాన్పించడం మీ వంతు.