వ్రేలాడు పూలబుట్టలు – మబ్బు విడిచిన ఎండ
(మన సంఘపు ఆదివారపు సభలో చేసిన ప్రసంగము)

 

కరెంటు బిల్లుల మాటయు, నూలు ధరల మాటయు ముగిసినవి. ఇక కొంతసేపు పూలబుట్టల మాట వినుడు. నవ్వవలదు, బతుకమ్మ పండుగ దగ్గరపడుచున్నది.

పద్మనగరమున మనలో పెక్కుమంది యిండ్లకు పెరడు లేదు. తెలంగాణమునుండి మన పెద్దలు మగ్గము వెంట వచ్చిరి గాని పెరడును వెంట తేలేకపోయిరి. కావుననే గ్యాలరీ కమ్మీలకు నూనె డబ్బాలు, తీగబుట్టలు వ్రేలాడదీసి చిన్న బంతియు, కాశీతుమ్మయు పెంచుచున్నాము. కాశీతుమ్మ యనగా మరాఠీవారు గౌరీపూజకు తెచ్చు తేరడా. తంగేడు గ్యాలరీలో పెరుగునది కాదు. బతుకమ్మలో మన చేతి పూవు ఒక్కటైనను చేరవలెనన్న ఈ బుట్టలే ఆధారము. తీరా మొగ్గ తొడుగు వేళకు ఆకులు తెల్లబడి మాడిపోవుచున్నవని ఆడపడుచులు ఏటేట మొరపెట్టుచున్నారు.

ఎండ తీవ్రత కన్న, అది హఠాత్తుగా వచ్చుటయే దీనికి ముఖ్య కారణము. జూన్ మొదలు సెప్టెంబరు వరకు భివండిలో మబ్బే మబ్బు. ఆ మబ్బు క్రింద పుట్టిన ఆకు పలుచన. దానిపైనుండు మైనపు పొరయు పలుచన. ఒక్కసారిగా అక్టోబరు ఎండ కాసినచో, ఆకు వినియోగించుకొనగల దానికన్న మిక్కిలి వెలుతురు దానిపై పడి పచ్చదనము నశించును. గంజి పట్టని పడుగును మగ్గమున కెక్కించినచో ఏమగునో మనకు తెలియనిదా? నూలు మంచిదే, అయినను పోగులు తెగును. మొక్కకు గంజి పట్టుటకు వారము పదిదినములు కావలెను.

మబ్బు విడిచిన దినముననే పలుచని కోరాగుడ్డ ఒక్క పొర, ఆకులకు జానెడు ఎడముగా కట్టవలెను. ఉదయము ఒక గంట తొలగింపుడు. తరువాత దినదినము కొంత కొంత పెంచుడు. పండ్రెండు మొదలు నాలుగు గంటల వరకు మాత్రము చివరి దినము దాక గుడ్డ ఉండవలెను. కొందరు ప్లాస్టిక్ కాగితము కట్టుచున్నారు. అది వేడిని లోపల బంధించును. దానికన్న ఏమియు కట్టకుండుటయే మేలు. రేకుల చూరునకు ఆనించిన బుట్టను మూరెడు క్రిందికి దింపవలెను. ఇనుప డబ్బా కాగినచో వేరు ఉడుకును గనుక చుట్టును గోనెగుడ్డ చుట్టుడు.

వ్రేలాడు బుట్టకు నలువైపుల గాలి తగులును. నేలమీది కుండకన్న త్వరగా ఆరును. ఉదయమే అడుగు రంధ్రమునుండి కారువరకు నీరు పోయవలెను. మన్ను బిగిసి నీరు ప్రక్కలనుండి జారిపోవుచో, బుట్టను బకెట్టు నీటిలో ముంచి బుడగలు ఆగువరకు ఉంచుడు. మధ్యాహ్నము వాడి సాయంకాలమునకు తేరుకొన్న ఆకు కాలినది కాదు. తెల్లని మచ్చ పడి గోధుమవన్నెకు తిరిగినదే కాలిన ఆకు. అది మరల పచ్చబడదు. అయినను క్రొత్త చిగురు వచ్చుదాక త్రుంపకుడు, క్రింది ఆకులకు అదియే నీడ. అప్పుడు ఎరువు వేయుటయు తగదు.

ఆకుపై నీటిబొట్టు భూతద్దమువలె కాల్చునని మన ముసలమ్మలు అందురు. 2010లో హంగేరీ శాస్త్రజ్ఞులు పరీక్షించి, నున్నని ఆకులకు ఆ భయము లేదనియు, నూగు గల ఆకులకు మాత్రము అది సంభవమనియు తెలిపిరి. బంతి, కాశీతుమ్మ ఆకులపై మగ్గాల దూది పేరుకొన్నప్పుడు నిశ్చింతగా కడుగుడు.

మా కొట్టున కోరాగుడ్డ తునకలు పడియున్నవి. కావలసినవారు బుధవారము మొదలు ఉచితముగా తీసికొనిపోవచ్చును. కొలత చెప్పినచో చింపి ఇచ్చెదము. పడమటి గ్యాలరీలవారు ముందుగా రావలెను.