నేర్చిన చేతుల పరిచర్య
(గార్లదిన్నె సంఘ కూడికలో చేసిన ప్రసంగము)

నూరేండ్ల మేలులను జ్ఞాపకము చేసికొను ఈ సమయమున, వృద్ధుల సంరక్షణలో నర్సుల స్థానమును గూర్చి మాటలాడుమని నన్ను కోరినారు. ఈ అంశముపై మాటలాడుటకు నాకున్న అర్హత నేను చేసిన పొరపాటు ఒక్కటే. దానితోనే ప్రారంభించుచున్నాను.

మా తండ్రిగారు పక్షవాతముతో మంచము పట్టినప్పుడు నేను ఉదయ సాయంకాలములు ఆయన ప్రక్కన మోకరించి ప్రార్థించినాను. మెత్తని పరుపు వేయించినాను. వెల్లకిల పండుకొనియున్న ఆయన నోటిలో గ్లాసుతో నీళ్లు పోసినాను; పొలమారినప్పుడు రొమ్ము నిమిరినాను. ఒళ్లు తుడుచు పని మాత్రము మా అమ్మగారికి వదలినాను. ఆమె కన్నులకు శుక్లములు. మూడు వారములైన పిమ్మట, బెంగళూరులో నర్సుగా పనిచేయుచున్న మన సంఘపు బిడ్డ ఒకతె సెలవుపై వచ్చి చూడవచ్చినది. వచ్చీ రాగానే దుప్పటి తీసి, ఆయనను మెల్లగా ఒత్తిగిలజేసి, నడుము క్రింద చూచినది. అక్కడ అరచేయంత పుండు ఉన్నది. "అయ్యగారూ, తాతను ఎన్ని గంటలకొకసారి పక్కకు తిప్పుతాండారు?" అని అడిగినది. నా వద్ద జవాబు లేదు.

పరిచర్య అను మాటను గ్రీకులో దియకోనియ అందురని వేదాంత కళాశాలలో నేర్చుకొన్నాను. అది చేయు విధమును మాత్రము ఆ దినమున ఆ బిడ్డ నేర్పినది. మంచముపై నున్నవారిని రెండు గంటలకొకసారి ప్రక్క మార్చవలెను. నడుము క్రింద, తుంటివద్ద, మడమలపైన చర్మము ఎఱ్ఱబడి, వ్రేలితో నొక్కినను ఆ ఎఱుపు పోకున్న యెడల పుండు ఆరంభమైనదని తెలిసికొనవలెను. పండుకొన్నవారికి ఏమియు త్రాగింపరాదు. కూర్చుండబెట్టి, కొద్దికొద్దిగా ఇచ్చి, తరువాత అరగంట వరకు పండుకొననీయరాదు. లేనియెడల నీళ్లు ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. ఆ పుండు మానుటకు నాలుగు నెలలు పట్టినది. మొదటి దినముననే అడిగియుంటే అది రాకనే పోవునేమో.

మన కరువు సీమకు సంబంధించిన మాట మరియొకటి. వయస్సు పైబడిన కొలది దాహము తెలియుట తగ్గును. ఎండకాలములో పెద్దవారు అడుగలేదని మనము నీళ్లు ఇయ్యము. ఒకనాడు ఉన్నట్టుండి అవ్వ పొంతనలేని మాటలు మాటలాడును. మనము "ముసలితనపు చాదస్తము" అందుము. నర్సు అట్లనదు. నాలుక ఎండినదా, మూత్రము తగ్గినదా, జ్వరమున్నదా, చక్కెర పడిపోయినదా, మాత్ర రెండుమారులు వేసికొన్నదా అని చూచును. డాక్టరు వద్దకు ఎప్పుడు తీసికొనిపోవలెనో చెప్పును. ఇది కేవలము దయ కాదు, ఏండ్ల తరబడి అభ్యసించిన విద్య.

ప్రేమ ఉంటే చాలదా అని కొందరు అడుగుదురు. మంచి సమరయుని జ్ఞాపకము చేసికొనుడి. అతడు గాయములు కట్టినాడు. అంతటితో ఆగక ఆ మనుష్యుని పూటకూళ్లవానికి అప్పగించి, రెండు దేనారములు ఇచ్చి, ఇంకను ఖర్చయిన యెడల తీర్చుదునన్నాడు. తన చేతనైనది చేసి, మిగిలిన దానికి మరియొకని చేయి కోరి, దానికి వెల చెల్లించినాడు. ప్రేమకు ఇది తక్కువ కాదు. నర్సును ఊరకనే పిలిచి, "సేవ కదా తల్లీ" అని వట్టి చేతులతో పంపువారము ఈ భాగమును మరల చదువవలెను.

ఈ విద్య మన సంఘములకు క్రొత్తది కాదు. లండన్ మిషను వారు జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రిని నడిపినారు. గుంటూరులో లూథరన్ మిషను డాక్టరమ్మ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రిని తెరిచినారు. వెల్లూరులో ఐడా స్కడర్ 1909లో నర్సుల శిక్షణ ప్రారంభించినారు. 1946లో అక్కడ డిగ్రీ చదువు వచ్చినది. పరుల దేహమును తాకుట మైల అని ఎందరో తమ కుమార్తెలను పంపని ఆ దినములలో, క్రైస్తవ బాలికలు అనేకులు ఆ చదువుకు ముందుకు వచ్చినారు. లోకము నీచమన్న పనిని వారు గౌరవమైన విద్యగా చేసినారు.

నేడు మన స్థితి ఏమి? 2011 జనాభా లెక్కల నాటికే దేశములో అరువదేండ్లు పైబడినవారు పది కోట్లకు మించినారు. వానలు లేక, శనగకాయ పంట చేతికి రాక, మన బిడ్డలు బెంగళూరు చేరినారు. మన ఆడబిడ్డలు అక్కడ పరుల తల్లిదండ్రులను గంట గంటకు చూచుచున్నారు. ఇక్కడ వారి కన్నతల్లి ఒంటరిగా మంచముపై నున్నది. వారిని నిందించుటకు ఈ మాట చెప్పుటలేదు. వారు పంపిన సొమ్ముతోనే ఇంటిలో పొయ్యి వెలుగుచున్నది. తల్లిదండ్రుల పోషణకై 2007లో పార్లమెంటు చట్టము చేసినది. ఆ చట్టము భృతి ఇప్పింపగలదు గాని, రాత్రి రెండు గంటలకు తల్లిని ప్రక్కకు తిప్పలేదు. అందుకు ఒక మనిషి లేవవలెను.

కావున మూడు సంగతులు మనవి చేయుచున్నాను. మొదటిది, మన సంఘములో మంచము విడిచి లేవలేని వారి పేర్లు వ్రాసికొని, ఏ.ఎన్.ఎం. గారికిని ఆశా కార్యకర్తకును తెలియజేయుదము. రెండవది, సెలవుపై వచ్చు మన నర్సు బిడ్డలను అడిగి, స్త్రీల మైత్రికిని యౌవనస్థులకును ప్రక్క మార్చుట, తినిపించుట, ఒళ్లు తుడుచుట నేర్పింతము. మగవారును నేర్చుకొనవలెను, మొదట నేను కూర్చుందును. మూడవది, కోత పండుగ కానుకలో ఒక భాగము ప్రత్యేకించి, నేర్చిన నర్సు నెలకు రెండుమారులు ఇండ్లకు వచ్చి చూచుటకు బస్సు ఛార్జీయు తగిన జీతమును ఇత్తము.

మా తండ్రిగారు ఆ తరువాత రెండేండ్లు బ్రదికినారు. రాత్రులు ఆయనను ప్రక్కకు త్రిప్పుచు నేను చేసిన ప్రార్థనలు చిన్నవి. అయినను మోకాళ్లపై చేసిన వాటికంటె అవి తక్కువవని నేననుకొనను.

మన పెద్దలను కనిపెట్టి కాపాడు చేతులను ప్రభువు బలపరచును గాక. ఆమేన్.