బీపీ ఎంత తగ్గింది?

తెనాలి మందుల షాపులోనో, రేపల్లె రైల్లోనో "ఫలానాది వాడితే బీపీ తగ్గుతుందట" అన్న మాట మీరు వినే ఉంటారు. తగ్గుతుందా అన్నది సగం ప్రశ్నే. ఎంత తగ్గుతుంది? గణాంక శాస్త్రంలో ఆ 'ఎంత'కే ప్రభావ పరిమాణం అని పేరు.

సిద్దిపేట ప్రాంతపు పల్లెల్లో బీపీ ఉన్న 502 మందికి మూడు నెలలు ఉప్పు ఇచ్చి చూశారు. ఫలితాలు 2021లో వచ్చాయి. కొందరికి మామూలు ఉప్పు, మిగతావారికి 30 శాతం పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు. ఎవరికి ఏది వెళ్లిందో తిన్నవాళ్లకూ తెలియదు, బీపీ చూసినవాళ్లకూ తెలియదు. పొటాషియం ఉప్పు తిన్నవారిలో బీపీ పై అంకె సగటున 4.6 పాయింట్లు ఎక్కువ తగ్గింది. అసలు తేడా 1.5 నుంచి 7.8 దాకా ఎక్కడైనా ఉండొచ్చని లెక్క.

ఉప్పు వల్ల తేడా ఏమీ లేకపోయినా, ఇంత అంతరం ఊరికే కనబడే అవకాశం వెయ్యిలో నాలుగు. కాబట్టి దీన్ని నమ్మొచ్చు. అయితే ఈ అవకాశపు లెక్క తేడా ఉందని చెబుతుందే గాని, అది ఎంత పెద్దదో చెప్పదు. లక్షల మందిని కొలిస్తే అర పాయింటు తేడా కూడా ఇందులో నెగ్గుతుంది.

మరి 4.6 చిన్నదా, పెద్దదా? మనిషికీ మనిషికీ బీపీలో ఉండే సహజమైన తేడాతో పోలిస్తే ఇది సుమారు పావు వంతు. అమెరికన్ శాస్త్రవేత్త జేకబ్ కోహెన్ ఈ నిష్పత్తిలో 0.2ను చిన్నదనీ, 0.5ను మధ్యరకమనీ, 0.8ను పెద్దదనీ అన్నాడు. ఆ కొలతలో ఇది చిన్నదే. చేతికి పట్టీ చుట్టి ఒకసారి చూసి, ఐదు నిమిషాలాగి మళ్లీ చూసినా నాలుగైదు పాయింట్లు మారడం మామూలే. ఒక్క మనిషిలో ఈ తగ్గుదల కనబడదు.

కానీ ఉప్పు వాడని వంటిల్లు లేదు; చిన్న తేడా అయినా అందరిలో కలిపితే లెక్కకొస్తుంది. చైనా పల్లెల్లో దాదాపు 21 వేల మందిని సుమారు ఐదేళ్లపాటు గమనిస్తే, ఇలాంటి ఉప్పుతో బీపీ తగ్గింది మూడు పాయింట్ల పైచిలుకే. పక్షవాతం మాత్రం ఏడాదికి వెయ్యి మందిలో సుమారు 34 నుంచి 29కి దిగింది. "14 శాతం తగ్గింది" అన్నా, "వెయ్యికి నలుగురైదుగురు తప్పించుకున్నారు" అన్నా ఇదే. ఎవరైనా ఇలాంటి లెక్క చెబితే రెండూ చెప్పించుకోండి. చైనాలో గమనించినవాళ్లంతా ఇంతకుముందు పక్షవాతం వచ్చినవారు, లేదా బీపీ ఉన్న పెద్దవయసువారు. ఆరోగ్యంగా ఉన్నవారికి ఇంత లాభం ఉండదు.

మన ఇళ్లలో ఆవకాయ, ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువే. ముందు ఆ ఉప్పు తగ్గించండి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి, పొటాషియం పెంచే మందులు వాడేవారికి ఈ పొటాషియం ఉప్పు ప్రమాదం. డాక్టరును అడగకుండా కొనకండి, బీపీ బిళ్ల మానకండి.